నిర్మలమ్మ అడిగిన పూజ

ఫాదర్ మెక్‌గ్రాకు అబద్ధమాడటం చేతకాదని నిర్మలమ్మకు పదకొండేళ్లుగా తెలుసు. కూరలో ఉప్పెక్కువైతే "బాగుండాది నిర్మలమ్మా" అంటూనే రెండు చెంబుల నీళ్లు గటగటా తాగేస్తాడు. బిషప్పుగారు తనిఖీకి వచ్చినప్పుడు "అంతా సవ్యంగానే ఉంది" అని చెబుతుంటే ఆయన చెవులు దానిమ్మ గింజల్లా ఎర్రబడిపోతాయి. ఇన్ని భాషలు నేర్చిన మనిషికి ఇంత చిన్న విద్య అబ్బకపోవడం ఏమిటా అని నిర్మలమ్మ వంటింట్లో తనలో తాను నవ్వుకునేది.

చిత్తూరులో రైలుకట్టకు అవతల ఉన్న చిన్న కథోలిక చర్చికి ఆయన విచారణ గురువు, అంటే ఆ చర్చి జనాన్నంతా చూసుకునే ఫాదరు. చర్చి వెనక బంగళాలో ఆయనకు వండిపెట్టేది నిర్మలమ్మ. ఆమెది పాకాల. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన భర్త పోయాక ఈ వంటపనికి వచ్చింది. ఫాదర్ అసలు ఊరు ఐర్లాండు దేశంలో దక్షిణాన కార్క్ జిల్లా. ఓడెక్కి వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. పేరు నోరు తిరగక జనం మొదట్లో మెగ్రా అన్నారు, తర్వాత మగ్రా అన్నారు, చివరికి ఎవరో ముసలమ్మ పుణ్యమా అని 'మగరాజు ఫాదర్' దగ్గర స్థిరపడ్డారు. ఆరడుగుల పొడుగు, నిప్పులాంటి జుట్టు ఉన్న మనిషికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

ఆ దేశం మనిషి చుట్టుపక్కల ఇంకొకరే ఉన్నారు. పూతలపట్టు దారిలో మఠకన్యలు నడిపే ఆసుపత్రిలో సిస్టర్ ఫిలొమినా. ఆమెది ఐర్లాండుకు ఉత్తరాన డెర్రీ అనే ఊరు. ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఆమె సైకిలు బంగళా గోడకు ఆనించి ఫాదర్‌తో కలిసి భోంచేసేది. ఆ ఒక్కపూట నిర్మలమ్మ ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, ఉడకబెట్టి, మిరపకాయ అనేది దగ్గరికి రానివ్వకుండా, వెన్న వేసి పెట్టేది. ఆ చప్పిడి కూడు చూస్తే ఆమెకు జాలేసేది. వాళ్లిద్దరూ మాత్రం చిన్నపిల్లల్లా గలగలా మాట్లాడుకుంటూ, మధ్యలో ఇంగ్లీషూ కాని ఏదో భాషలో పాట ఎత్తుకునేవాళ్లు.

ఈ పుట్టిల్లు లాంటి ఆదివారాలు వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై ఒకటో సంవత్సరం మే నెలలో చెడిపోయాయి.

దానికి ముందు ఈస్టరు పండక్కి చర్చిలో ఇంకో గొడవ జరిగింది. ఆ చర్చికి వచ్చేవాళ్లలో సగంమంది తెలుగువాళ్లు, సగంమంది తమిళులు. పండగపూజలో ఎవరి పాటలు ముందు పాడాలన్నది తగువు. తెలుగు పక్షానికి పెద్ద, ఉపదేశి రాజారత్నం. ఫాదర్ పక్కన నిలబడి ప్రార్థనలు చదివించేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ ఆయనే. చిత్తూరు జిల్లాలోంచి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయి ఇరవయ్యేళ్లు దాటినా, అది నిన్న సాయంత్రం తన జేబులోంచి ఎవరో కొట్టేసినట్టు మాట్లాడతాడు. తమిళ పక్షానికి పెద్ద టైలరు సవరిముత్తు. ఇద్దరూ గుడి వాకిట్లోనే చొక్కాలు పట్టుకోబోతే మగరాజు ఫాదర్ మధ్యలోకి దూకి గర్జించాడు.

"ఇది దేవుడిల్లు! ఈడ రాష్ట్రం లేదు, దేశం లేదు, భాష లేదు! రాజకీయం చెప్పులతో పాటు బయటే ఇడిసిపెట్టి రాండి!"

ఒక వారం తెలుగు పాటలు, ఒక వారం తమిళ పాటలు అని తీర్పు చెప్పాడు. అందరూ తలలొంచుకున్నారు. ఎంత బాగా చెప్పినాడు సామి అని నిర్మలమ్మ కూడా కళ్లు తుడుచుకుంది.

నెల తిరక్కముందే, ఆ సామి తన భోజనాలబల్ల మీదే ఒక దేశాన్ని రెండు ముక్కలు చేశాడు.

ఆ ఆదివారం సిస్టర్ ఫిలొమినా ఉర్లగడ్డను ముట్టుకోలేదు. మెల్లగా ఏదో అడిగింది. ఫాదర్ తల అడ్డంగా ఊపాడు. ఆమె గొంతు పెరిగింది, ఈయన గొంతూ పెరిగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ నిర్మలమ్మకు పూజ, బిషప్పు, పాపం అనే మాటలు అందాయి. చివర్లో సిస్టర్ లేచి నిలబడి "మీ సొంత నాయన ఏమనేవాడు?" అని అడిగినట్టు అర్థమైంది. ఫాదర్ చేతిలో చెంచా కింద పడింది. సిస్టర్ సైకిలెక్కి వెళ్లిపోయింది. మళ్లీ ఆదివారం పూజకు వచ్చింది, పూజలో పంచే దివ్యసత్ప్రసాదం తీసుకుంది, బంగళావైపు తిరిగైనా చూడకుండా పోయింది.

నిర్మలమ్మ మరునాడే రాజారత్నాన్ని పట్టుకుంది. ఆయన ఇంగ్లీషు పేపరు చదివే మనిషి.

"ఏందబ్బా ఈళ్ల గొడవ?"

రాజారత్నం కండువా సర్దుకున్నాడు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయనకు పండగే.

"ఐర్లాండంటే ఇంగ్లండు పక్కన దీవమ్మా. మనల్ని ఏలినట్లే ఆళ్లనీ ఇంగ్లీషోళ్లు ఏలినారు. వందల ఏండ్లు."

"అదేందీ? ఈళ్లూ తెల్లోళ్లే కదా?"

"తెల్లోళ్లే. కానీ ఆ తెల్లోళ్లు కారు."

నిర్మలమ్మ సరే చెప్పమంది.

"ఫాదరు ఊరుండే దక్షిణానికి స్వతంత్రం వచ్చింది. సిస్టరు ఊరుండే ఉత్తరం ఇంకా ఇంగ్లీషోళ్ల చేతిలోనే ఉండాది. మనకు తిరుత్తణి పోలా, అట్ల."

"నీకు అన్నిట్లోనూ తిరుత్తణే కనపడతాది."

"ఇనుమ్మా. ఆడ జైల్లో ఉండే పిల్లోళ్లు, మేం దొంగలం కాదు, దేశం కోసం కొట్లాడినోళ్లం, అట్లనే సూడండి అని అన్నం మానేసినారు. మొన్న ఒకడు పానం ఇడిసినాడు. ఆ పిల్లోని ఆత్మ కోసం పూజ పెట్టమని సిస్టరు అడిగింది. ఫాదరు పెట్టనన్నాడు. తుపాకి పట్టడం పాపం, అన్నం మాని చావడం అంతకంటే పాపమంట. పూజలో రాజకీయం వద్దంట."

"సచ్చినోడికి రాజకీయమేముంటాది?" అంది నిర్మలమ్మ. రాజారత్నం కండువా మళ్లీ సర్దుకున్నాడు. పేపర్లో అది రాయలేదు.

ఆ పై ఆదివారం ఆమె ఉర్లగడ్డలు ఉడకబెట్టి, క్యారియరులో సర్ది, బస్సెక్కి ఆసుపత్రికి పోయింది. సిస్టర్ ఫిలొమినా ఒక ముసలాయన కాలిపుండుకు కట్టు కడుతోంది. క్యారియరు చూసి నవ్వబోయి ఆపుకుంది.

"ఫాదరు పంపినాడా?"

"ఆయప్పకు అంత తెలివి యాడిది? నేనే తెచ్చినాను."

సిస్టర్ చేతులు కడుక్కుని, బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది. క్యారియరు మూత తీస్తూ మొదలుపెట్టింది. ఆమె తెలుగు ఈ పక్క పల్లెల్లో నేర్చిన తెలుగు.

"మా అక్క కొడుకు డెనిస్ ఆ జైల్లోనే ఉండాడు నిర్మలమ్మా. ఇరవై రెండేండ్లు. వాడు చేసినవన్నీ మంచిపనులని నేను అన్ను. కానీ నేను ఎత్తుకుని తిప్పిన పిల్లోడు. ఒకరు పోతే ఇంకొకరు అన్నం మానేసేదానికి వరసగా పేర్లు రాసుకున్నారంట. వాని పేరూ ఉండాదని అక్క జాబు రాసింది."

"ఈ సంగతి ఫాదరుకు చెప్పినారా?"

"చెప్పను. జాలితో పెట్టే పూజ నాకొద్దు. న్యాయమని పెడితే పెట్టనీ."

ఈమె ఒక మొండిఘటం, ఆయన ఒక మొండిఘటం, ఆ దేశంలో మట్టే అట్లాంటిదేమో అనుకుంటూ నిర్మలమ్మ తిరుగుబస్సెక్కింది. చెప్పొద్దన్న మాట ఎవరికీ చెప్పలేదు. కానీ ఆనాటి నుంచి ఫాదర్‌ని మరింత శ్రద్ధగా గమనించసాగింది.

ఆయన పొద్దున్నే ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని లండను వార్తలు వినేవాడు. కొన్నాళ్లకొకసారి, ట్రాన్సిస్టరు కట్టేసి అలాగే కూర్చుండిపోయేవాడు. ఆరోజు ఇడ్లీ ముట్టడు, అన్నం ముట్టడు. "కడుపు బాగాలేదు నిర్మలమ్మా" అంటాడు. చెవులు ఎర్రగా ఉంటాయి. నాలుగోసారి అలా జరిగాక ఆమెకు లెక్క అర్థమైంది. ఆ జైల్లో ఒక పిల్లోడు పోయిన ప్రతిరోజూ ఈయనకు కడుపు బాగుండదు. అన్నం మానడం పాపమని చెప్పిన నోరే, అన్నం మానేస్తోంది.

ఆగస్టు వెళ్లేసరికి ఆ జైల్లో పోయినవాళ్ల లెక్క పదికి చేరింది. మగరాజు ఫాదర్ అంగీ వదులై వేలాడుతోంది. ఆయన చిక్కిపోతే ఊళ్లో మాట పడేది వంటమనిషి. ఇక లాభం లేదని నిర్మలమ్మ నడుం బిగించింది.

చనిపోయినవాళ్ల కోసం పూజ కావాలంటే ఎవరైనా సరే చీటీ మీద పేరు రాసి ఫాదర్‌కి ఇవ్వొచ్చు. ఆమె తనకొచ్చిన అయిదో తరగతి అక్షరాలతో ఒక చీటీ రాసి, ఆయన రాతబల్ల ముందు నిలబడింది.

ఫాదర్ కళ్లద్దాలు సవరించుకుని చదివాడు. "అన్నం లేక పోయిన అందరి ఆత్మల కోసం." తలెత్తాడు.

"ఎవురు వీళ్లంతా?"

"శానామంది ఉండారు ఫాదర్. వందేండ్ల కిందట ధాతు కరువులో మా తాత పక్క ఊరికూరే పోయినారంట. ఈ ఏడు కూడా సీమలో వానలు సరిగా లేవు."

"కరువులో పోయినోళ్లేనా?"

"కరువని నేను రాయలేదే. అన్నం లేక అన్నాను. ఎందుకు లేదో దేవుడికి తెల్దా?"

ఆయన చీటీ వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూశాడు. నిర్మలమ్మకు అబద్ధమాడటం బాగా వచ్చు. ఆమె చెవులు చెవుల్లాగే ఉన్నాయి.

"ఆదివారం పెద్దపూజలో పెడతాను" అన్నాడు చివరికి. అన్నాక ఎందుకో కిటికీవైపు తిరిగిపోయాడు.

అంతటితో సరిపోయేది. కానీ పూజకు ముందు చీటీ బయటికి చదివేది ఉపదేశి రాజారత్నం. ఆయన చేతికి కాగితమొచ్చిందంటే ఉన్నది ఉన్నట్టు చదివి కూర్చునే రకం కాదు.

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. సిస్టర్ ఫిలొమినా ఎప్పటిలా వెనక వరసలో ఉంది. రాజారత్నం లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఈనాటి దివ్యబలిపూజ అన్నం లేక మరణించిన అందరి ఆత్మశాంతి కొరకు." ఇక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని, తన సొంతం కలిపాడు. "మరీ ముఖ్యంగా, మన ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో యాభై దినాలకు పైగా నిరాహారదీక్ష చేసి ప్రాణత్యాగం చేసిన మహానుభావుడి కొరకు."

తెలుగు పక్షం మొహాలు వెలిగిపోయాయి. తమిళ పక్షంలో గుసగుస బయలుదేరింది. సవరిముత్తు లేచి నిలబడ్డాడు.

"ఉపదేశిగారూ, మా పక్కన కూడా ఒకాయన ఉండాడు. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టమని విరుదునగర్లో అన్నం మానేసి పానం ఇచ్చినాడు. ఆయన మాటేంది?"

"చీటీలో ఆయన లేడు" అన్నాడు రాజారత్నం.

"మీ ఆయన మాత్రం ఉండాడా?"

పూజవస్త్రాలు తొడుక్కుని బలిపీఠం ముందు నిలబడ్డ ఫాదర్ రెండు చేతులూ ఎత్తాడు.

"ఆగండి! వాళ్లిద్దరూ క్రైస్తవులే కారు కదా!"

"క్రైస్తవుల ఆకలని చీటీలో రాయలేదు ఫాదర్" అన్నాడు రాజారత్నం వినయంగా.

"అదే నేనూ చెప్తాండేది" అన్నాడు సవరిముత్తు. ఆ ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం ఆ చర్చి చరిత్రలో అదే మొదలు.

ఫాదర్ ఎత్తిన చేతులు దించేశాడు. చెప్పులతో పాటు బయట వదలమన్న రాజకీయం మూడు వాకిళ్లలోంచి లోపలికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఇంతలో వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. సిస్టర్ ఫిలొమినా నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటోంది. నాలుగు నెలల తర్వాత ఆమె నవ్వు విన్న ఫాదర్ బలిపీఠం దిగి జనం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కూచోండి ఇద్దరూ. మీకు మా నాయన సంగతి చెప్తాను."

అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఈ ఇరవై నాలుగేళ్లలో ఆయనకు నాయన ఉన్నాడన్న సంగతే ఎవరూ వినలేదు.

"నేను పుట్టకముందు, మా దేశంలో ఇంగ్లీషోళ్ల మీద యుద్ధం జరిగింది. మా నాయన తుపాకి పట్టినాడు. తుపాకి పట్టినోళ్లు గుడికి వెలి, వాళ్లకి సత్ప్రసాదం లేదని బిషప్పుగారు ఆజ్ఞ వేసినాడు. మా అమ్మకి నాయన కావాల, దేవుడూ కావాల. ఆదివారం మా అమ్మ లోపల మోకరిస్తే, మా నాయన గుడి వాకిలి బయట వానలో నిలబడేవాడు. లోపలికి రాడు, ఇంటికీ పోడు. యుద్ధం అయిపోయింది, ఆజ్ఞ పోయింది, నేను పుట్టినాను, పెద్దోడినైనాను. అయినా మా నాయన వాకిలి దాటి రాలేదు. నన్ను పొమ్మనింది వాళ్లే కదా, పిలవనీ అనేవాడు."

కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"నేను గురువైనాక మొదటి పూజ మా ఊర్లోనే చేసినాను. ఆరోజు నేనే వాకిలి దాకా పోయి, నాయనా రా అని పిలిచినాను. నువ్వు పిలిస్తే సరిపోదురా, పొమ్మన్నోళ్లు పిలవాల అన్నాడు. బయటినుంచే నా పూజ విన్నాడు. ఆయన్ని తల్చుకుంటే ఇప్పుడు కూడా నాకు కోపమే వస్తాది. ఆయన చేసింది తప్పని చెప్తాను. ఆయన కోసం దినామూ ప్రార్థన చేస్తాను. ఈ రెండూ ఒక మనిషిలో ఎట్ల ఉంటాయని అడగొద్దండి. నాకు తెల్దు."

ఫాదర్ ముందు వరస వైపు తిరిగాడు.

"రాజారత్నం, మీ ఆయన పేరు చదువు. సవరిముత్తు, మీ ఆయన పేరు నువ్వు చదువు. తర్వాత సిస్టరు వచ్చి పది పేర్లు చదువుతాది. వాళ్లు చేసిందంతా ఒప్పని నేను అన్ను. వాకిట్లో మాత్రం ఎవరినీ నిలబెట్టను."

సిస్టర్ ఫిలొమినా ముందుకొచ్చింది. చేతిలో కాగితం లేదు. పది పేర్లూ నోటికే చెప్పింది. ఆ పేర్లు అక్కడ ఎవరికీ పలకడం రాదు. అయినా ఒక్కో పేరుకూ జనమంతా "ప్రభువా, ఆలకించుము" అన్నారు. పదో పేరు తర్వాత ఆమె ఆగి, ఏదో పేరు నాలుక చివరిదాకా వచ్చినట్టు నిలబడి, అది చెప్పకుండానే వెళ్లి కూర్చుంది. ఆ పదకొండో పేరు నిర్మలమ్మ తన మనసులో చెప్పుకుంది. ఇంకా బతికే ఉన్న పిల్లోడు కాబట్టి, వాడి కోసం వేరే ప్రార్థన చేసింది.

పూజ అయ్యాక ఫాదర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ధాతు కరువు అన్నావే" అన్నాడు.

"మా తాత నిజంగానే చెప్పినాడు ఫాదర్."

"నువ్వు నాకు ఉపదేశం చేసినావు నిర్మలమ్మా. రాజారత్నం ఉద్యోగం పోతాది."

"ముందు అన్నం తినండి. మీరు తినక నాకు పోయేట్లుండాది ఉద్యోగం."

సంగతి బిషప్పుగారి దాకా పోకుండా ఉంటుందా? ఫాదర్ బస్సెక్కి వెళ్లి రెండుగంటలు నిలబడి చీవాట్లు తిని వచ్చాడు. ఏమన్నారని అడిగితే "ఏమీ అన్లేదు" అన్నాడు. చెవుల సంగతి చెప్పనక్కర్లేదు.

అక్టోబరు మొదటివారంలో ఆ జైల్లో దీక్ష ఆగిపోయింది. డెనిస్ వంతు రాలేదు. ఆ వార్త ట్రాన్సిస్టరులో విన్న సిస్టర్ నేరుగా సైకిలు తొక్కుకుంటూ వచ్చి, అప్పుడు మాత్రమే ఫాదర్‌కి తన అక్క కొడుకు సంగతి చెప్పింది. ఆయన తెల్లబోయాడు.

"మేలోనే ఎందుకు చెప్పలేదు? చెప్పుంటే ఆరోజే పూజ పెట్టుందునే!"

"అందుకే చెప్పలేదు" అంది సిస్టర్. దాని మీద మళ్లీ ఇద్దరూ గంటసేపు పోట్లాడుకున్నారు. నిర్మలమ్మ తలుపు దగ్గరగా వేసి తన పని చూసుకుంది. అది ఆరోగ్యంగా ఉన్న ఇంట్లో వినిపించే పోట్లాట.

మరుసటేడు జూన్లో సిస్టర్ ఫిలొమినాకు పన్నెండేళ్ల తర్వాత ఇంటికి పోను సెలవు దొరికింది. డెనిస్‌ని జైల్లో చూసే అనుమతి కూడా వచ్చింది. మద్రాసు బస్సెక్కించడానికి ఫాదర్, నిర్మలమ్మ చిత్తూరు బస్టాండుకు వెళ్లారు. సిస్టర్ కిటికీ పక్కన కూర్చున్నాక ఫాదర్ నసుగుతూ, కార్క్‌లో తన నాయన సమాధి దగ్గరికి ఒకసారి పోయి రమ్మని అడిగాడు.

"నేను పొయ్యేది డెర్రీకి. కార్క్ ఆ చివర! దేశమంతా దాటి పోవాల" అంది సిస్టర్.

"అంతా ఒకటే దేశమని నువ్వే కదా పన్నెండేండ్లుగా నాతో కొట్లాడేది" అన్నాడు మగరాజు ఫాదర్. "ఒకే దేశంలో ఒక బస్సు ఎక్కలేవా?"

సిస్టర్ ఏదో అనబోయింది. బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, వెళ్తానన్నదో వెళ్లనన్నదో తెలియకుండా గట్టిగా అరిచి నవ్వింది. ఫాదర్ బస్సు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

"పోతాదంటావా?" అన్నాడు.

"పోతాది ఫాదర్" అంది నిర్మలమ్మ. "మీతో కొట్లాడేదానికి వచ్చే ఏటికి ఆయమ్మకి ఏదో ఒకటి కావాల కదా. ఎండగా ఉండాది, పాండి."